మూడో గదిలో ఆరు పాయింట్ నాలుగు

జనవరి 5

కిటికీ పక్క బల్ల కొత్తగా చేరిన ఆమెకిచ్చారు. అక్కడ సిగ్నల్ బాగా అందుతుందట. పన్నెండేళ్లుగా నేను గోడకి ముఖం పెట్టి కూర్చున్నప్పుడు ఎవరికీ గుర్తురాని సిగ్నల్.

పేరు సింధు. పొదిలి దగ్గర పల్లె. బెంగళూరులో రెండేళ్లు చేసి, అక్కడి నీళ్లు పడక వచ్చేసిందట. గుంటూరు ఎండ పడుతుందేమో చూద్దాం.

జనవరి 7

మా బాస్ మురళిగారు అప్పుడే 'అమ్మా సింధూ' అంటున్నారు. మూడో రోజుకి. ఈ కంపెనీ తలుపు తీసిన రోజు నుంచీ నేను 'పద్మగారిని'. గౌరవమే, కాదనను. కానీ 'పద్మగారూ' అనేటప్పుడు ఆయన కుర్చీలో సర్దుకుంటారు. 'అమ్మా సింధూ' అనేటప్పుడు నవ్వుతారు.

జనవరి 8

టీ కూడా బాగా పెట్టింది. పెట్టకపోతే బాగుండేది.

జనవరి 10

నల్లపాడు కోల్డ్ స్టోరేజీ పని వచ్చింది. నా డబ్బాలే ఉన్నాయి అక్కడ — పన్నెండేళ్ల క్రితం నా చేత్తో చేసిన మొదటి నాలుగు. మిర్చి గదిలో చల్లదనం తప్పితే సూపర్‌వైజర్ కోటేశ్వరరావుగారి ఫోన్‌కి మెసేజ్ కొట్టేవి. ఇప్పుడు వాటిలోని పాత మోడెమ్‌లకి నెట్‌వర్క్ సరిగా అందడం లేదు. కొత్తవి కొందామంటే దొరకడం లేదు. మొత్తం మార్చాలి. ఫిబ్రవరిలో కాయ లోపలికి రావడం మొదలవుతుంది. ఆలోపు ఏ బోర్డు, ఏ రేడియో, ఏ సాఫ్ట్‌వేర్... అన్నీ తేలాలి.

మురళిగారు మా ఇద్దరినీ పిలిచి, చెరొక పద్ధతి రాసుకురమ్మన్నారు. ఇద్దరినీ. ఇదివరకు నేను చెప్పేదాన్ని, ఆయన సరేననేవారు. ఇప్పుడు నాకు పరీక్ష.

అసలు సంగతి ఏమిటంటే — ఈ నాలుగు గదులు ఎవరి పద్ధతిలో నడిస్తే, మిర్చి యార్డు చుట్టూ ఉన్న మిగతా కోల్డ్ స్టోరేజీలన్నీ వాళ్ల పద్ధతే. రెండో మనిషి సోల్డరింగ్‌కి మిగులుతుంది.

జనవరి 12

కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసి...

సిమ్ వేసే 4జీ మోడెమ్ — గదికొక సిమ్, నెల నెలా రీచార్జి. ఒక్కటి మర్చిపోతే ఆ గది మూగబోతుంది. కొట్టేశాను.

దూరం పోయే లోరా రేడియో — పత్తి చేలకైతే బంగారం. ఒకే కప్పు కింద ఉన్న నాలుగు గదులకి ఎందుకు. కొట్టేశాను.

మిగిలింది తీగ. సెన్సర్ ఒక్కటే గది లోపల. బోర్డు బయట. నాలుగు గదుల తీగలూ ఆఫీసులో ఒకే డబ్బాలోకి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌కి. గోడకి కన్నాలు పెట్టాలి. అందంగా ఉండదు. పనిచేస్తుంది.

జనవరి 13

ఆమెది చూశాను. అంటే, తనే తెచ్చి చూపించింది. 'అక్కా, ఒకసారి తప్పులుంటే చెప్పరా' అంటూ. దాచుకోవడం కూడా తెలియదు.

వైఫై కడుపులోనే పెట్టుకున్న చిన్న చిప్పు. వేరే మోడెమ్ లేదు, సిమ్ లేదు, తీగ లేదు. బోర్డు గదిలోనే గోడకి. వరండాలో ఒక రూటర్. నిమిషానికోసారి రీడింగ్ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి ఎవరి ఫోన్‌లోకి కావాలంటే వాళ్ల ఫోన్‌లోకి. ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లితే ఇక్కడి నుంచే సరిచేస్తుందట. నేను ప్రతిసారీ ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని బస్సెక్కేదాన్ని.

బాగుంది. అదే నా ఏడుపు. బాగా లేకపోతే హాయిగా నవ్వుకునేదాన్ని.

జనవరి 19

ఆమెదే ఖాయం చేశారు.

కారణం కూడా చెప్పారు. మొన్న డిసెంబరులోనే గోడలన్నిటికీ పాత కన్నాలు మూసి కొత్తగా చలువ ప్యానెళ్లు వేయించారట, వాటికి కన్నం పెడితే కోల్డ్ స్టోరేజీ ఓనరు ఊరుకోనన్నారట. సింధు నా వైపే మాట్లాడింది పైగా — తీగని మించిన నమ్మకం లేదు సార్, ఇంకోసారి అడిగి చూద్దాం అని. ఆ పిల్ల నన్ను వెనకేసుకురావడం ఒకటి. ఒళ్లు మండిపోయింది.

మురళిగారు నన్ను బుజ్జగించడానికి పాత కథ ఎత్తుకున్నారు. ఆ రోజుల్లోనే పద్మగారు ముందే ఊహించి యాంటెన్నా గది బయట పెట్టారమ్మా, అందుకే పన్నెండేళ్లు నడిచాయి అని. సింధు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

జనవరి 20

ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేను ఇది.

నేనేమీ ఊహించలేదు. మోడెమ్, యాంటెన్నా అన్నీ కలిపి డబ్బా మొత్తం మూడో గది వెనక గోడకి లోపలే బిగించాను. అదీ జనవరే. గది ఖాళీ. తలుపు మూసినా మెసేజ్ టంచనుగా వచ్చింది. మురిసిపోయాను. మార్చి నెలాఖరుకి గది నిండింది. కాయ విరిగిపోకుండా కల్లంలో నీళ్లు చిలకరించి, తొక్కి నింపుతారు టిక్కీల్లోకి. ఆ తేమ బస్తాలు నేల నుంచి కప్పు దాకా. వాటిని దాటుకుని నా సిగ్నల్ బయటికి రాలేదు. చల్లదనం తప్పితేనే మెసేజ్ పంపే డబ్బా కదా... మెసేజ్ రాకపోతే అంతా బాగున్నట్టే అనుకున్నాం అందరం.

చేతి థర్మామీటర్ పట్టుకుని గదులు తిరుగుతూ కోటేశ్వరరావుగారు కనిపెట్టారు. ఒక ఆదివారం ఆయనా నేనూ గోడకి కన్నం పెట్టి, సెన్సర్ ఒక్కటి లోపల ఉంచి మిగతాదంతా బయటికి తెచ్చాం. ఎవరికీ చెప్పొద్దండి అని బతిమాలుకున్నాను. ఆయన చెప్పలేదు. మర్నాడు మురళిగారు చూసి, ముందుచూపంటే ఇదీ అన్నారు. అవునండీ అన్నాను.

ఆ ఒక్క అవునండీ మీద పన్నెండేళ్లు బతికాను.

జనవరి 22

నల్లపాడు. కొత్త బోర్డు పరీక్ష.

మూడో గదిలో వెనక గోడకే పెట్టించింది. తలుపుకి దూరంగా, గాలి సరిగా తిరగని మూల అయితే నిజం తెలుస్తుంది అంటుంది. తెలివైన మాట. నేనూ అప్పుడు అదే అనుకున్నాను. తలుపు మూశారు. వరండాలో ఫోన్ పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఎక్కడా తెగలేదు. అంకెలు టకటకా వస్తున్నాయి.

ఖాళీ గది.

కోటేశ్వరరావుగారు నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను కూడా. టిక్కీలు పడ్డాక ఇంకోసారి చూసుకో, అని ఒక్క ముక్క. అంతలో మురళిగారు తన ఫోన్ నా చేతిలో పెట్టి, అమ్మాయికి బోర్డుతో ఒక ఫొటో తీయండి పద్మగారూ అన్నారు.

తీశాను. ఫొటో బాగా వచ్చింది.

జనవరి 23

ఆ రేడియోలు వేరు, ఈ రేడియోలు వేరు. పన్నెండేళ్లలో ఎంత మారలేదు. నేను చెప్పి, అది తప్పని తేలితే... కుళ్లుబోతు అంటారు.

(తడి తడే కదా, ఏ రేడియోకైనా.)

జనవరి 27

నాలుగు బోర్డులకీ సోల్డరింగ్ నేనే. తేమ తగలకుండా పూత కూడా నేనే వేశాను. ఆమె పక్కన కూర్చుని, మీ చేతికి వణుకే లేదక్కా, నాకు నేర్పండి అంటుంది. నేర్పాను. రెండో రోజుకి నా అంత బాగా పెడుతోంది.

ఫిబ్రవరి 3

సాఫ్ట్‌వేర్ వివరించింది. అర్థమైంది, అంతా. అర్థం కాకపోతే బాగుండేదనిపించిన భాగం ఒకటుంది.

బోర్డు సర్వర్‌కి కలిసేటప్పుడే తన వీలునామా రాసిపెడుతుందట. నేను పలక్కుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు, అని. బోర్డు కరెంటు పోయినా, సిగ్నల్ తెగినా సర్వరే దాని తరఫున అరుస్తుంది. కోటేశ్వరరావుగారి ఫోన్ మోగుతుంది. తెర మీద అంకె బూడిద రంగులోకి మారుతుంది. కొత్తగా వచ్చిన విద్యేమీ కాదట, ఎన్నేళ్ల నుంచో ఉన్నదేనట.

నా డబ్బా పోతే పోయినట్టే. చెప్పే దిక్కు లేదు. అప్పుడు ఈ ఒక్క ఏర్పాటు నాకు తెలిసి ఉంటే ఆ ఆదివారమే ఉండేది కాదు. పన్నెండేళ్లలో నేనెందుకు వెతుక్కోలేదు. ఎవరూ అడగలేదు గనక. అడగకపోతే నేర్చుకోనా.

ఇల్లు చేరేసరికి ఈయన బడి పేపర్లు దిద్దుతున్నారు. ముఖం చూసి, ఏమిటి మళ్లీ సింధూనా అన్నారు. నీకు కుళ్లు పద్మా, ఒప్పేసుకో, తేలికవుతావు. హెడ్మాస్టర్ పోస్టు పక్కవాడికి వెళ్లినప్పుడు ఆర్నెల్లు అన్నం సహించని మనిషి చెబుతున్నారు.

ఫిబ్రవరి 16

కాయ రావడం మొదలైంది. నల్లపాడు రోడ్డంతా లారీలు. ఆటోలో కూర్చున్నా తుమ్ములే.

కొత్త తిప్పలు. బస్తాలు ఎత్తే ముఠా కూలీలు లోపల లైట్లు పెట్టుకోవడానికి బోర్డు ప్లగ్గు పీకేస్తున్నారు. పీకినప్పుడల్లా వీలునామా అరుపు. రోజుకి ఇరవైసార్లు కోటేశ్వరరావుగారి ఫోన్ మోత. ఆయన విసుక్కుని మురళిగారికి ఫోన్ చేశారు. లోడింగ్ అయ్యేదాకా ఆ అరుపు ఆపేయమ్మా అన్నారు మురళిగారు. ఆపేసింది. మర్చిపోకుండా పసుపు చీటీ మీద రాసి తన కంప్యూటర్ అంచుకి అంటించుకుంది — 'లోడింగ్ అయ్యాక అలర్ట్ ఆన్ చెయ్యాలి. మర్చిపోకు సింధూ.'

తనకి తనే పేరు పెట్టి చెప్పుకుంటుంది. ముద్దుగా ఉందనుకుంటుంది కాబోలు. ఉంది కూడా.

ఫిబ్రవరి 24

యార్డు దగ్గరి రెండు కోల్డ్ స్టోరేజీల వాళ్లు వచ్చి తెర చూసి వెళ్లారు. మురళిగారు ఆమెనే మాట్లాడమన్నారు. నేను టీలు తెప్పించాను.

వాళ్లలో పెద్దాయన వెళ్తూ వెళ్తూ, మీరు అకౌంట్సాండీ అని అడిగారు నన్ను.

మార్చి 4

కోటేశ్వరరావుగారి రీడింగ్ పుస్తకం మూసేశారట. ఓనరు చెప్పారట, తెర ఉండగా ఇంకా థర్మామీటర్ పట్టుకుని తిరగడమెందుకని. ఆయన ఫోన్లో సరదాగానే చెప్పారు. ఇరవై ఏళ్లు రోజుకి మూడుసార్లు రాసిన మనిషి. నాలాగే ఆయనా ఖాళీ అయ్యారు.

మార్చి 6

మూడో గది నిండింది. తలుపు మూసి సీలు వేశారు.

మార్చి 9

ఉదయం తెర చూశాను. మూడో గది: 6.4. మధ్యాహ్నం చూశాను: 6.4. ఒకటో గది 5.9 నుంచి 6.2కి పోయి వచ్చింది. రెండూ నాలుగూ అటూ ఇటూ కదిలాయి. మూడు కదల్లేదు.

గదిలో చలి అలా కట్టేసినట్టు నిలబడదు.

మార్చి 10

6.4.

మార్చి 11

6.4. అంటే అది ఇప్పటి అంకె కాదు. సిగ్నల్ తెగిపోయే ముందు వచ్చిన ఆఖరి అంకె. సర్వర్ దగ్గర ఉన్నదేదో అదే ఆకుపచ్చగా చూపిస్తోంది. బూడిద రంగులోకి మారాలంటే ఆ అలర్ట్ ఆన్‌లో ఉండాలి. లేదు. మిగతా గదులకి ఇంకా కాయ వస్తూనే ఉంది గనక ఆ విషయమే ఆమె ధ్యాసలో లేదు.

టిక్కీలు తాగేశాయి సిగ్నల్‌ని. వెనక గోడ. అదే గది, అదే గోడ.

నేను సంతోషించాను. ఇక్కడ అబద్ధం ఎందుకు. ఇంటికొస్తూ మల్లెపూలు కొనుక్కున్నాను.

మార్చి 12

పొద్దున ఊడ్చేటప్పుడు పసుపు చీటీ నా బల్ల కింద దొరికింది. ఫ్యాను గాలికి ఊడిపడ్డట్టుంది. చదివాను. కిటికీ వైపు చూశాను. ఆమె ఇంకా రాలేదు. వెళ్లి మళ్లీ అంటించడానికి ఎన్ని అడుగులు... ఆరు.

తెచ్చి ఈ పేజీలో పెట్టాను.

మార్చి 13

6.4. ఏమీ కాదు. గదిలో మెషిన్ బాగానే తిరుగుతూ ఉంటుంది. అంకె కనపడనంత మాత్రాన చలి పోతుందా. ఎప్పుడో ఒకప్పుడు ఆమే చూసుకుంటుంది. చూసుకున్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో నేను చూడాలి, అంతే. అంతకన్నా ఏమీ కోరలేదు.

మార్చి 14

రోజుకి నాలుగుసార్లు చూస్తున్నా. పుండు గోక్కున్నట్టు ఉంది.

మార్చి 16

సింధు వాళ్ల నాన్న వచ్చారు. తెల్ల పంచె, చేతిలో సంచీ. బోరు కింద ఎకరన్నర మిర్చి వేశారట. ఎప్పుడూ ఒంగోలు వైపే అమ్ముకునే మనిషి, ఈసారి ధర పెరిగేదాకా నల్లపాడులో దాచారట. అక్కడైతే కూతురు పెట్టిన మిషను చూసుకుంటుందని.

ఏ గదో నేను అడగలేదు. ఆయనే చెప్పారు. మూడు. తలుపు దగ్గరి వరస, ఆఖరి రోజు పడ్డాయట.

సంచీ నా బల్ల మీద పెట్టారు. కందిపప్పు. ఇంట్లో విసిరింది.

'మా పిల్ల రోజూ మీ మాటే చెప్పుద్దమ్మా. పద్మక్క దగ్గర పని నేర్చుకుంటున్నా నానా అనుద్ది. బెంగళూరులో ఎవరూ చెప్పేవాళ్లు కాదంట. మీరు అట్టా కాదంట.'

సింధు సిగ్గుపడి, ఊరుకో నాన్నా అంది. నేను కుర్చీలో సర్దుకున్నాను. మురళిగారు నా ముందు సర్దుకున్నట్టే.

మార్చి 17

పప్పు వండలేదు. సంచీ అలాగే ఉంది వంటగదిలో. ఈయన రెండుసార్లు అడిగారు.

6.4.

మార్చి 18

భోజనం వేళ ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి నల్లపాడు వెళ్లాను.

కోటేశ్వరరావుగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. మూడో గది తలుపు తీయమన్నాను. సీలు తీయాలంటే ఓనరుకి చెప్పాలమ్మా అన్నారు. తీయండి, తర్వాత చెబుదాం అన్నాను. నా ముఖం చూశారు. లేచారు.

తలుపు తీయగానే తెలిసింది. ముఖానికి కొట్టాల్సిన చలి కొట్టలేదు. మెత్తటి తేమ, మిర్చి వాసన. ఆయన సొరుగులోంచి పాత థర్మామీటర్ తెచ్చారు. పద్నాలుగు. తెర మీద ఆరు పాయింట్ నాలుగు, ఆకుపచ్చగా.

కూలింగ్ ఫ్యాను ట్రిప్ అయి ఉంది. ఎప్పుడయిందో ఎవరికీ తెలియదు. పుస్తకం ఉంటే తెలిసేది.

ఆయన ఫ్యాను వేశారు. ముందు వరసలో నాలుగు టిక్కీలు విప్పించి చేయి పెట్టి చూశారు. ఇద్దరం చూశాం. కాయ మెత్తబడింది, చెమట పట్టింది. రంగు పోలేదు. బూజు లేదు. ఇంకో వారం అయితే చెప్పలేమన్నారు. వాటిలో పొదిలి వాళ్లవి ఏవో చీటీలు చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

తలుపు మూశాక ఆయన చేతులు కడుక్కుంటూ అడిగారు.

'మీకు తెలిసే వచ్చారా అమ్మా?'

నేను తువ్వాలు అందించాను.

'అప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?'

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. ఆటో అప్పుడే వచ్చింది. ఎక్కేశాను.

మార్చి 19

ఉగాది. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్నారు ఈయన. నాకేమీ తెలియలేదు.

మార్చి 20

చెప్పాను. మురళిగారికీ సింధుకీ, ఇద్దరికీ ఒకేసారి.

ఏం చెప్పానో రాస్తాను. మొన్న అటువైపు పనుండి వెళ్తూ కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆగానని. అంకె కదలకపోవడం అనుమానం వేసి తలుపు తీయించానని. తడి టిక్కీల మధ్య నుంచి వైఫై రాదని, బోర్డు బయటికి తేవాలని. ఫ్యాను వేసొచ్చామని, సరుకు పాడవలేదని. అన్నీ నిజాలే. పేర్చిన తీరే అబద్ధం. తొమ్మిది రోజులు చెప్పలేదు. చీటీ చెప్పలేదు.

మురళిగారు కుర్చీ సింధు వైపు తిప్పారు. అమ్మా సింధూ, చూశావా, పద్మగారు మళ్లీ ముందే ఊహించారు అన్నారు.

సింధు తెర దగ్గరికి పోయి, పాత రీడింగులు తీసి, తేదీ చూసుకుంది. తర్వాత వచ్చింది.

'నాదే తప్పు సార్. అలర్ట్ ఆపింది నేనే. నిండిన గదికైనా ఆన్ చెయ్యాల్సింది, మర్చిపోయాను. చీటీ కూడా రాసి పెట్టుకున్నా, ఎక్కడ పడిపోయిందో. ఖాళీ గదిలో టెస్ట్ చేయడం కూడా నా తప్పే.'

మా ఇద్దరి ముందూ. ఒక్క ముక్క దాచుకోలేదు. మురళిగారు, పోనీలేమ్మా, తెలిసిందిగా, రేపు సరిచేద్దాం అన్నారు. అంతే. అంతటితో అయిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, ఫోన్ మోగింది, ఆయన మాట్లాడ్డానికి బయటికెళ్లారు.

అంత తేలికా. అదే తప్పు. అదే గది, అదే గోడ. ఆమె నిలబడి నాదే అంది, ఇంకా అమ్మాయిగానే ఉంది. నేను అప్పుడే అని ఉంటే నాకూ పోనీలేమ్మా దొరికేదా. కిటికీ బల్ల మీద కుళ్లు కాదు నాకు, ఫొటో మీదా కాదు, ఆ చిప్పు మీదా కాదు. ఆ ఒక్క మాట మీద. ఆమెకి అది నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందో దాని మీద.

బాత్రూమ్‌లోకెళ్లి ముఖం కడుక్కున్నాను. రెండుసార్లు.

మార్చి 21, శనివారం

ఓనరు దిగొచ్చారు. గదికొక కన్నం, ఒక్కటే. అది కూడా మేమే పెట్టి, చుట్టూ గట్టిపడే నురుగు నింపి మూసివ్వాలట. సెన్సర్ లోపల, బోర్డు బయట. చిప్పూ సాఫ్ట్‌వేరూ ఆమెవి. తీగ నాది. పుస్తకం మళ్లీ తెరవమని కోటేశ్వరరావుగారికి చెప్పమన్నాను. అది మంచి ఆలోచన అక్కా అంది. రెండూ ఉండాలి, తెరా మనిషీ.

రేపే పని. ఆదివారం. మళ్లీ ఆదివారమే. ఆమె, నేను, కోటేశ్వరరావుగారు. మూడో గదితోనే మొదలు.

సాయంత్రం బయల్దేరబోతూ నా బల్ల దగ్గర ఆగింది.

'అక్కా, అప్పట్లో మీకు చెప్పేవాళ్లెవరూ లేరు కదా. యాంటెన్నా బయట పెట్టాలని మీకెలా తట్టింది?'

నా ముఖంలోకి చూస్తూ అడిగింది. ఊరికే అడిగిందో, ఏమైనా తెలిసి అడిగిందో... ఎంత చూసినా తెలియలేదు. ఆ పాత రీడింగుల పక్కన, ఏ గది పేజీ ఎవరు ఎప్పుడు తెరిచారో కూడా ఉంటుందేమో. ఉంటుందా. నేను ఆమెను అడగలేను.

రేపు చెబుతాలే అన్నాను. సరే అక్కా అంది.

ఇప్పుడే కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. ఈయన వాసన పట్టి వంటింట్లోకి వచ్చి వెళ్లారు. డ్రిల్లింగ్ మెషీన్ సంచీలో సర్దాను. రెండు బిట్లు, నురుగు డబ్బా, తీగ చుట్ట, టేపు.

చీటీ కూడా సంచీలో పెడదామని ఆ పాత పేజీ తీశాను. జిగురు పట్టి కాగితానికి అంటుకుపోయింది. గోరుతో లేపబోతే 'మర్చిపోకు సింధూ' దగ్గర చిరగడం మొదలైంది.

వదిలేశాను. చీటీ కావాలంటే పేజీ మొత్తం చింపాలి. పేజీ చింపితే దాని మీద నేను రాసిందీ పోతుంది ఆమె చేతికి.

పప్పు ఉడికింది.